సున్నా వాట్ల భద్రత

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన నాకు ఒకే ఒక్క విద్య బాగా వచ్చు. నేను తప్పు చేశానని ఎవరైనా కనిపెట్టేలోపు, ఆ తప్పు ఎవరూ చేయకూడదని అందరికీ సర్క్యులర్ పంపించేస్తాను. సర్క్యులర్ అందుకున్నవాడు తన తప్పులు వెతుక్కుంటాడు గానీ నావి వెతకడు. ఈ విద్యతోనే మూడు ప్రమోషన్లు తెచ్చుకున్నాను. రిటైరయ్యాక కాకినాడలో సౌదామిని టవర్స్ అనే మా అపార్ట్‌మెంటు సంఘానికి సెక్రటరీనయ్యాను. అక్కడ కూడా ఆ విద్యకు పని తగిలింది.

మా ఆవిడ భ్రమరాంబ ఎగ్జిబిషన్‌లో ముచ్చటపడి ఒక కాగితం లాంతరు కొంది. హాల్లో సోఫా పైన వేలాడదీశాం. దానికి బల్బు పెట్టే పని నాది. లాంతరు లోపల చిన్న చీటీ అంటించి ఉంది. నలభై వాట్లకు మించిన బల్బు పెట్టకూడదని దాని సారాంశం. ఆ చీటీ నేను చదివాను. చదవనివాణ్ని క్షమించవచ్చు. నేను చదివి, ఇలాంటివి మామూలు జనం కోసం రాస్తారనుకుని, అటక మీద పాత ట్రంకు పెట్టెలో ఏళ్ల తరబడి దాచుకున్న వంద వాట్ల బల్బు దింపి బిగించాను. పేపర్లో వధూవరుల ప్రకటనలు కూడా కళ్లజోడు లేకుండా కనబడ్డాయి. నాకు చాలా సంతోషం వేసింది.

పావుగంటకి మాడు వాసన వచ్చింది.

"పెసరట్టు మాడుతోంది, చూసుకో," అని కేకేశాను.

"పెనం ఇంకా పొయ్యి మీద పెట్టలేదు. మాడేది మీ నెత్తి మీద," అంది భ్రమరాంబ వంటింట్లోంచి వచ్చి, అట్లకాడతో పైకి చూపిస్తూ.

లాంతరుకి అరచెయ్యంత నల్లటి చిల్లు పడింది. దాని అంచులు ఎర్రగా పాకుతున్నాయి. ఆవిడే వెళ్లి స్విచ్చు ఆపి, చెంబెడు నీళ్లు జల్లింది. నేను అప్పటికే సోఫా వెనక ఉన్నాను. నీళ్లలో సగం నా మీదే పడ్డాయి.

వాసన పట్టుకుని ఎదుటి ఫ్లాటులోని కనకలింగంగారు వచ్చారు. ఆయన మా సంఘానికి అధ్యక్షుడు. ఉద్యోగంలో నాకంటే మూడు మెట్లు పైన రిటైరయ్యారు. ఇంట్లో కూడా ఇస్త్రీ చొక్కాలోనే ఉంటారు.

"ఏమిటి శరభయ్యగారూ, ఏ పరిస్థితుల్లో ఈ సంఘటన సంభవించింది?" అని అడిగారు.

వంద వాట్ల బల్బు అప్పటికి తుండుగుడ్డలో చుట్టి నా వీపు వెనక ఉంది. గుడ్డలోంచి కూడా వేళ్లు కాలుతున్నాయి. పెట్టకూడని బల్బు పెట్టానని చెబితే అయిపోయేది. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. కానీ ఆయన "సంభవించింది" అన్నాక నాకు ఆఫీసు గుర్తొచ్చింది. ఆఫీసులో ఎవరూ ఏదీ చేయరు, అన్నీ సంభవిస్తాయి.

"లేబుల్ ప్రకారం పెట్టిన మామూలు బల్బేనండి. అయినా కాలింది. ఇది ఒక్క ఇంటి సమస్య కాదేమో," అన్నాను.

భ్రమరాంబ నావంక ఒక చూపు చూసి పెసరట్టు వేయడానికి వెళ్లిపోయింది.

మర్నాడే దీప భద్రతా ఉపసంఘం ఏర్పడింది. అధ్యక్షుడు కనకలింగంగారు, కార్యదర్శిని నేను. సాంకేతిక నిపుణుడు పెసల తాతారావుగారు. ఆయన కాలేజీలో కామర్స్ లెక్చరరు. ఒకసారి ఫిజిక్స్ లెక్చరరు కాలు విరిగి సెలవు పెడితే రెండు నెలలు ఆ క్లాసులో అటెండెన్సు తీసుకున్నారు. మా అపార్ట్‌మెంటులో విజ్ఞాన శాస్త్రానికి అంత దగ్గరగా వెళ్లినవారు ఇంకెవరూ లేరు.

కాలిన లాంతరును ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో పెట్టి 'వస్తు సాక్ష్యం' అని చీటీ కట్టాం. చీటీ మీద దస్తూరీ నాదే. తర్వాత నియమాలు రాయడానికి కూర్చున్నాం. రాసింది నేనే కాబట్టి, ఏ నియమం ఎలా పుట్టిందో నాకు బాగా గుర్తు.

దీపపు షేడ్ మీద ఎన్ని వాట్లు రాసి ఉంటే అంతకు మించరాదు. ఇది అక్షరాలా సబబైన మాట. ఇక్కడ ఆగిపోతే మాకు మంచి పేరొచ్చేది. కానీ టీలు ఇంకా రాలేదు.

ఎల్ఈడీ బల్బు అట్ట పెట్టె మీద రెండు అంకెలుంటాయి. అది తినే కరెంటు తొమ్మిది వాట్లు. పాత రకం అరవై వాట్ల బల్బంత వెలుతురు ఇస్తుందని పక్కన ఇంకో అంకె.

"రెండు అంకెలున్నప్పుడు భద్రతా దృష్ట్యా పెద్ద అంకెనే పరిగణనలోకి తీసుకోవలసి ఉంటుంది," అన్నారు కనకలింగంగారు.

"చిన్న అంకె వ్యాపారస్తుడు చెప్పేది. పెద్ద అంకె వాస్తవం," అన్నారు తాతారావుగారు.

దాంతో తొమ్మిది వాట్ల బల్బులన్నీ మా ప్రహరీ గోడ లోపల అరవై అయిపోయాయి. నలభై రాసి ఉన్న షేడ్లకు అవి పనికిరాకుండా పోయాయి. ఆ తర్వాత నేనొక సందేహం లేవదీశాను. ఇది కూడా నా ఘనతే. షేడ్ మీద ఏ అంకె లేకపోతే ఏం చేయాలి అని అడిగాను. కనకలింగంగారు కాసేపు కళ్లు మూసుకున్నారు.

"గరిష్ఠ పరిమితి నిర్దేశించబడని పక్షంలో ఆ పరిమితిని సున్నాగా భావించవలెను," అన్నారు.

"సున్నా వాట్ల బల్బు ఉండనే ఉందండి," అన్నారు తాతారావుగారు ఉత్సాహంగా. "పడగ్గదుల్లో పెట్టుకునే జీరో బల్బు. సున్నా వాట్లు, సున్నా ప్రమాదం."

జీరో బల్బు పేరుకే జీరో అని, అది పదిహేను వాట్ల దాకా తింటుందని ఆ గదిలో ఎవరికీ తెలియదని చెప్పలేను. కరెంటు బిల్లు కట్టేవాడిని, నాకు తెలుసు. కానీ వాక్యం అందంగా కుదిరింది. రాసేశాను. ఓనర్లందరికీ కాపీలు పంపాను. సంఘం నియమం దాటిన అద్దెవాళ్ల చేత ఖాళీ చేయించవలసిందిగా కింద ఒక ముక్క కూడా కలిపాను. ఆ ముక్క ఎవరూ అడగలేదు.

వారంలో మా భవనం రూపు మారిపోయింది. వాచ్‌మన్ సింహాచలం గేటు దగ్గర సంచులు తడిమి బల్బులు పట్టుకుని అట్టపెట్టెలో వేసేవాడు. ఎవరో బల్బును కాలీఫ్లవర్ లోపల పెట్టి తెస్తూ దొరికిపోయారు. అప్పటినుంచి కాలీఫ్లవర్‌ను కూడా విడదీసి చూశాకే లోపలికి పంపేవాడు. పాత బల్బులు పోయినవాళ్లందరూ కొత్తదాని కోసం మాకు దరఖాస్తు పెట్టుకున్నారు. మేం ముగ్గురం స్టూలు వేయించుకుని, టార్చితో షేడ్లన్నీ చదివాం. సగానికి పైగా అంకె లేనివే. నాలుగో అంతస్తు మొత్తం పడగ్గది రంగులోకి వచ్చింది. ఆకుపచ్చ జీరో బల్బు కింద భోంచేస్తున్న ఒకాయన, పప్పేదో గోంగూరేదో తెలియడం లేదని అభ్యంతరం తెలిపారు. దాన్ని ఫైల్లో పెట్టాను.

ఇంతవరకూ చెప్పుకుని నవ్వుకోవడానికి బాగానే ఉంది. తర్వాత నూకరత్నం బల్బు పోయింది.

నూకరత్నం కింది అంతస్తులో వెనకవైపు ఫ్లాటులో అద్దెకుంటుంది. జాకెట్లు కుడుతుంది. పక్క అపార్ట్‌మెంటు గోడ ఆమె కిటికీకి మూరెడు దూరం. మిట్టమధ్యాహ్నం కూడా దీపం లేకుండా సూదిలో దారం ఎక్కదు. మిషను మీద ఒట్టి వైరుకి వేలాడే హోల్డరు, అందులో ఒక తొమ్మిది వాట్ల బల్బు. అదే ఆమెకు సూర్యుడు. అది పోయిన రోజున కొత్తది కొని తెచ్చుకుంటే సింహాచలం గేటు దగ్గర తీసేసుకున్నాడు.

మేం ముగ్గురం తనిఖీకి వెళ్లాం. మంచం మీద పట్టు జాకెట్ల గుడ్డలు దొంతరగా ఉన్నాయి.

"శుక్రారం పెళ్లండి. పదకొండు జాకెట్లండి. పెళ్లికూతురిది మగ్గం పనండి," అంది నూకరత్నం. "మొదటిసారి పెద్దింటోళ్ల పనొచ్చిందండి. ఇది బాగా కుడితే ఆళ్ల చుట్టాలందరూ నా దగ్గరికే వస్తారన్నారండి."

తాతారావుగారు టార్చి వేసి హోల్డరు చుట్టూ తిరిగారు. "షేడే లేదు. అంకె ఎక్కడుంటుంది?" అన్నారు.

"షేడు లేకపోతే ఇంకా మంచిదే కదండి. గాలాడుద్ది. కాలడానికి చుట్టూ ఏం లేదు కదండి," అంది ఆమె.

"పరిమితి నిర్దేశించబడలేదు," అన్నారు కనకలింగంగారు.

నేను ఫారం నింపాను. సింహాచలం స్టూలెక్కి ఎర్ర జీరో బల్బు పెట్టాడు. గదంతా ఎర్రబడింది. మంచం మీది గుడ్డలన్నీ ఒకే రంగయ్యాయి.

"ఇందులో కుట్టేదెలాగండి బాబాయిగారండి?" అని నూకరత్నం నన్నే అడిగింది. నేను సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను.

రెండు రోజులు ఆమె మిషను మెట్ల కిందకి ఈడ్చుకొచ్చి, అక్కడి ట్యూబులైటు కింద కుట్టింది. ఉమ్మడి స్థలంలో కుటీర పరిశ్రమ నడపరాదని సంఘం నియమం. అది నేను సెక్రటరీని కాకముందే ఉంది, అందుకు మాత్రం నన్ను అనకండి. కానీ ఆ నోటీసు టైపు చేసి ఆమె చేతికిచ్చింది నేనే. మిషను మళ్లీ ఎర్రగదిలోకి వెళ్లింది.

బుధవారం పొద్దున్న పాల పాకెట్లకి కిందకి వెళ్తే, తలుపు తీసి ఉంది. నూకరత్నం గడప మీద కూర్చుని, కుట్టిన జాకెట్టు కుట్లు ఊడదీస్తోంది. మెరూన్ గుడ్డకి ఆకుపచ్చ దారం పడింది. ఎర్ర దీపం కింద రెండూ నల్లగానే కనబడ్డాయట. బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ తెంపుతోంది. గుడ్డ మీద సూది పోయిన చోటల్లా చిల్లు మిగిలిపోతోంది.

"సాయంత్రం సమావేశానికి రా. నేను చూస్తాను," అన్నాను. ఆ నిమిషంలో నిజంగానే చూద్దామనుకున్నాను.

ఆమె వచ్చింది. వస్తూ ఎర్ర జీరో బల్బు ఊడదీసి తెచ్చింది. మేం పట్టుకున్న బల్బుల పెట్టెలోంచి తన కొత్త బల్బు తీయించింది. ఆఫీసు గోడకి రెండు హోల్డర్లున్నాయి. రెండిట్లో రెండూ పెట్టి వెలిగించమంది.

"పది నిమిషాలాగి ముట్టుకోండి. అంతేనండి, ఇంకేం అడగను," అంది.

పది నిమిషాలాగి తాతారావుగారు జీరో బల్బు మీద వేలు పెట్టారు. పెట్టిన వేలు నేరుగా నోట్లోకి వెళ్లింది. రెండో బల్బు గాజును నేను ముట్టుకున్నాను. గోరువెచ్చగా ఉంది.

"ముట్టుకోవడం శాస్త్రీయ పద్ధతి కాదు," అన్నారు తాతారావుగారు వేలు బయటకి తీసి. "వేడి అనుభవానికి సంబంధించింది. వాట్లు రికార్డుకు సంబంధించినవి."

"అమ్మా, నీ బాధ సంఘం దృష్టిలో ఉంది," అన్నారు కనకలింగంగారు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. బీరువాలోని లాంతరు వైపు చెయ్యి చూపించారు. "కానీ లేబుల్ ప్రకారం పెట్టిన బల్బుకే ఆ గతి పట్టిన విషయం మన ముందుంది. అందుకు భిన్నమైన ఆధారం దొరికితే తప్ప నియమాన్ని సడలించడం బాధ్యతారాహిత్యం అవుతుంది. సెక్రటరీగారు ప్రత్యక్ష సాక్షి. వారేమంటారు?"

అందరూ నావైపు తిరిగారు. నేను మూర్ఖుణ్నని నాకు తెలిసినా ఇబ్బంది లేదు, పాతికేళ్లుగా తెలుసు. పక్క ఫ్లాటువాళ్లకి తెలియడమే కష్టంగా అనిపించింది.

"రికార్డు పరిశీలించి నివేదిస్తాను," అన్నాను.

"ఎప్పటికండి?" అంది నూకరత్నం. "శుక్రారం పెళ్లండి."

"త్వరలో," అన్నాను.

రికార్డంటే నా ట్రంకు పెట్టె. అందులో వంద వాట్ల బల్బు తుండుగుడ్డలో ఉంది. గురువారమంతా దాన్ని పరిశీలించలేదు. శుక్రవారం నాకు కడుపులో బాలేదని చెప్పి పడుకున్నాను. భ్రమరాంబ మజ్జిగన్నం పెట్టింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండునని మొదటిసారి అనిపించింది.

శనివారం ఒక కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. బాల్కనీలోంచి చూశాను. పెళ్లివారి తాలూకు మనిషి నూకరత్నం ఇంట్లోంచి ఒక సంచీతో బయటికొచ్చింది. పదకొండింటిలో ఏడే పూర్తయ్యాయని, పెళ్లికూతురి అక్క పెళ్లిలో పాత జాకెట్టు తొడుక్కుందని సింహాచలం తర్వాత చెప్పాడు. ఆ సంచీలోవి కుట్టని గుడ్డలు. కారు వెళ్లేదాకా నూకరత్నం గేటు పట్టుకుని నిలబడింది. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు అంతకుముందు నేను పడ్డ భయం కంటే పెద్దదిగా ఉంది, అందుకే ఆదివారం సర్వసభ్య సమావేశంలో లేచి నిలబడ్డాను.

"అధ్యక్షా, ఆ లాంతరులో పెట్టింది వంద వాట్ల పాత బల్బు. లాంతరు మీద నలభై అని రాసి ఉంది. నేను చదివే పెట్టాను. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను," అన్నాను.



"అటక మీంచి దింపడానికి స్టూలు పట్టుకుంది నేనే," అంది భ్రమరాంబ వెనక వరసలోంచి. "వద్దని కూడా అన్నాను."

కనకలింగంగారు చొక్కా కాలరు సర్దుకున్నారు. నన్ను సెక్రటరీ పదవినుంచి తీసేస్తారనుకున్నాను. కానీ మినిట్స్ రాసే ఓపిక ఆ భవనంలో ఇంకెవరికీ లేదు.

"అంటే ప్రమాదానికి మూలకారణం బల్బు కాదు. సెక్రటరీ," అన్నారు.

"అవునండి," అన్నాను.

"అట్టి పరిస్థితిలో నిబంధనను బల్బులకు వర్తింపజేయుట లోపభూయిష్టం. మూలకారణానికే పరిమితం చేయుట సముచితం."

"శాస్త్రీయం కూడా," అన్నారు తాతారావుగారు.

తీర్మానం అక్కడికక్కడే చెప్పారు. నేనే రాశాను. నివాసులందరూ షేడ్ మీది అంకెను, బల్బు తినే వాట్లను చూసుకుని తమకు తోచిన బల్బు మార్చుకొనవచ్చును. సెక్రటరీ శ్రీ శరభయ్య మాత్రం బల్బు కొనరాదు, దాచరాదు, హోల్డరుకు మూడడుగుల లోపు చేతులు ఎత్తరాదు. వారి ఇంటి బల్బులు మార్చే అధికారం నూకరత్నానికి ఇవ్వాలని భ్రమరాంబ ప్రతిపాదించింది. ఏకగ్రీవంగా ఆమోదించారు. ఏకగ్రీవం కావాలంటే నా చెయ్యి కూడా లేవాలి కాబట్టి, అటూ ఇటూ హోల్డర్లు లేవని చూసుకుని ఎత్తాను.

నెల తిరక్కుండా మా హాల్లో బల్బు పోయింది. దరఖాస్తు పెట్టుకున్నాను. మర్నాడు సాయంత్రం నూకరత్నం వచ్చింది. నన్ను సోఫాలో కూర్చోమని, స్టూలు మీదికెక్కి, లాంతరు కాలాక మళ్లీ పెట్టించిన పాత షేడు ఊడదీసి చూసింది.

"ఇది మొత్తం మూసేసిన గాజు గిన్నె కదండి," అంది భ్రమరాంబతో. "మామూలు ఎల్ఈడీ అయితే లోపల వేడి పోక తొందరగా పోతాదండి. మూసిన వాటిలో పెట్టొచ్చని రాసిందే తెచ్చానండి."

బల్బు మార్చడం నిమిషంలో అయిపోయింది. నేనీ నియమాల మీద నలభై పేజీల ఫైలు నడిపాను. ఇంత చిన్న సంగతి అందులో ఎక్కడా లేదు.

"ఆ పెళ్లివారు మళ్లీ ఏమైనా పని ఇచ్చారా?" అని అడిగాను.

"లేదండి. ఆళ్లు గాంధీనగర్లో ఇంకో టైలరు దగ్గరికి వెళ్తన్నారంటండి," అంది నూకరత్నం గాజు గిన్నె తుడుస్తూ. ఆ మాటలో కోపం లేదు.

"జరిగిన అసౌకర్యానికి సంఘం తరఫున..." అని మొదలుపెట్టాను.

"సరిగ్గా చెప్పండి," అంది భ్రమరాంబ.

నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాదమ్మా. నీ నోటి దగ్గర కూడు నేను తీసేశాను. ఆ బల్బు సంగతి బుధవారమే చెప్పి ఉండాల్సింది," అన్నాను.

"నాకు తెలుసండి," అంది ఆమె. "కాగితం లాంతరు కాలిన రోజే అమ్మగారు చెప్పారండి."

నేను భ్రమరాంబ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటకి చూస్తోంది.

"మరి ఆ మీటింగులో అందరి ముందూ అనెయ్యకపోయావా?"

నూకరత్నం గిన్నె బిగించి, స్టూలు దిగి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"మీరే చెప్తారని చూశానండి," అంది. "శుక్రారం దాకా చూశానండి."